బల్ల మీది విద్య, బల్ల కింది పందెం

కొన్ని ఆటలకు చెడ్డపేరు పుట్టుకతోనే అంటుకొని ఉంటుంది. పూల్ ఆట అటువంటిది. పచ్చని బట్ట పరచిన బల్ల, మసక వెలుతురు, సిగరెట్ పొగ, గుట్టుగా చేతులు మారే నోట్లు... పూల్ అనగానే చాలామంది తల్లిదండ్రుల కళ్ళ ముందు మెదిలే దృశ్యం ఇదే. ఈ భయం నిరాధారమైనదని మేము అనము. అయితే భయపడవలసినది దేనిని చూసి? బల్లను చూసా, బంతులను చూసా, లేక వాటి చాటున దాగిన మరొకదానిని చూసా? ఈ ప్రశ్నకు సమాధానం ఒక మనిషి జీవితంలో దొరుకుతుంది. ఈ ఆటనే బ్రతుకుదెరువుగా చేసుకొని, పూల్ చరిత్రలోనే అత్యుత్తమ ఆటగాడని అనేకులచే కొనియాడబడిన ఒక పేదింటి బిడ్డ కథను ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన పేరు ఎఫ్రెన్ రేయెస్. స్వదేశం ఫిలిప్పీన్స్.

ఎక్కడి ఫిలిప్పీన్స్, ఎక్కడి మన కొత్తవలస అని కొందరు అనుకోవచ్చు. కొత్తవలస జంక్షన్ ఊరు. హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గం నుండి అరకు మీదుగా కిరండూల్‌కు వెళ్ళే మార్గం ఇక్కడే చీలుతుంది. ఇక్కడి నుండి చదువుల కొరకు, కొలువుల కొరకు నిత్యం విశాఖపట్నం వెళ్ళి వచ్చే యువకులు ఎందరో ఉన్నారు. నగరంలోని స్నూకర్, పూల్ పార్లర్ల తలుపులు వారికి తెరిచే ఉంటాయి. ఇక ఇల్లు కదలని పిల్లలకు ఇదే ఆట సెల్‌ఫోన్‌లో అరచేతికి అందుతున్నది. కనుక ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన గడప దాటి లోపలికి వచ్చిన విషయమే.

ఆట స్వరూపం

మన ఇళ్ళలో క్యారమ్స్ తెలియనివారు ఉండరు. స్ట్రైకర్‌తో కాయిన్‌ను కొట్టి మూలనున్న రంధ్రంలో పడవేయడమే కదా ఆ ఆట! పూల్‌లోనూ సూత్రం ఇంచుమించు అదే. స్ట్రైకర్ స్థానంలో తెల్ల బంతి ఉంటుంది. దానిని వ్రేలితో కాక క్యూ అనే పొడవాటి కర్రతో కొడతారు. బల్లకు నాలుగు మూలలా నాలుగు, పొడవాటి అంచుల మధ్యలో రెండు, మొత్తం ఆరు పాకెట్లు ఉంటాయి.

ఈ ఆటలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది ఎయిట్‌బాల్. ఇందులో అంకెలు వేసిన బంతులు 15. 1 నుండి 7 వరకు ఒక జట్టు, 9 నుండి 15 వరకు మరొక జట్టు. ఆటగాడు తన జట్టు బంతులన్నింటినీ పడవేసిన తరువాతనే 8వ బంతిని ముట్టాలి. రెండవది నైన్‌బాల్. ఇందులో బంతులు తొమ్మిదే. ప్రతిసారీ బల్ల మీద మిగిలిన వాటిలో అతి చిన్న అంకె బంతినే తెల్ల బంతి మొదట తాకాలి. 9వ బంతిని పడవేసినవాడు గెలిచినట్లు.

వినడానికి ఇది తేలిక. కానీ ఒక బంతిని పడవేయడం ఈ విద్యలో సగమే. ఆ దెబ్బ తరువాత తెల్ల బంతి ఎక్కడ ఆగితే తదుపరి బంతికి దారి దొరుకుతుందో ముందుగానే లెక్కవేసి కొట్టడం మిగిలిన సగం. ప్రవీణుడైన ఆటగాడు మొదటి బంతిని కొట్టేటప్పటికే మూడవ, నాలుగవ బంతుల సంగతి ఆలోచించి ఉంటాడు.

ఈ ఆటల కుటుంబానికి మన దేశంతో గట్టి సంబంధమే ఉన్నది. పూల్‌కు దగ్గరి చుట్టమైన స్నూకర్ పుట్టినది మన జబల్పూరులోనే. 1875లో అక్కడి బ్రిటిష్ సైనికాధికారులు వినోదానికై కల్పించుకొన్న ఆట అది. దాని నియమాలు ఊటీ క్లబ్బులో రూపుదిద్దుకొన్నాయి.

బల్ల మీదే నిద్ర

ఎఫ్రెన్ 1954 ఆగస్టు 26న ఫిలిప్పీన్స్‌లోని పంపాంగా రాష్ట్రంలో జన్మించారు. కుటుంబం పేదది. ఐదేళ్ళ ప్రాయంలో ఆయనను రాజధాని మనీలాలోని మేనమామ ఇంటికి పంపించారు. ఆ మేనమామ ఒక పూల్ హాలు నడిపేవాడు. హాలులో చిన్నాచితకా పనులు చేయడం, పెద్దల ఆటను కన్నార్పకుండా గమనించడం, జనం వెళ్ళిపోయాక ఆ బల్ల మీదే పడుకోవడం – ఇదీ ఆయన బాల్యం. బల్ల ఎత్తు అందక శీతల పానీయాల పెట్టెల మీద నిలబడి క్యూ పట్టుకొనేవాడట.

ఇతర పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దే వయసులో ఆ బాలుడు పచ్చని బట్ట మీద కోణాలు దిద్దుకొన్నాడు. గురువు లేడు, పుస్తకం లేదు. చూపు, సహనం, నిరంతర సాధన – ఈ మూడే ఆయన పెట్టుబడి. తనకంటే పెద్దవాడైన మరొక ఎఫ్రెన్ ఆ ఆటగాళ్ళలోనే ఉండడం వలన ఈయనను గుర్తుపట్టడానికి ‘బాటా’ అని పిలవసాగారు. వారి భాషలో ఆ మాటకు ‘పిల్లవాడు’ అని అర్థం. వెంట్రుకలు నెరసిన తరువాత కూడా ఆయన తన దేశప్రజలకు బాటాగానే మిగిలిపోయారు.

పందేల లోకం

కథలో ముల్లు ఇక్కడే ఉన్నది. ఆనాటి మనీలాలో పూల్ హాలు అంటే పందేలకు నిలయం. జీతం ఇచ్చే సంస్థ లేదు, శిక్షణ ఇచ్చే అకాడమీ లేదు. చేతిలో విద్య ఉన్న పేదవానికి ఆ విద్యను అన్నంగా మార్చుకొనే దారి ఒక్కటే కనిపించేది, అదే పందెం. ఎఫ్రెన్ చిన్న వయసు నుండే డబ్బు పందేలు ఆడారు.

ఈ పందెపు ఆటల తీరు తెలుసుకోవడం మనకు అవసరం. ఆటగాని వద్ద సాధారణంగా సొమ్ము ఉండదు. అతని వెనుక సొమ్ము పెట్టే ఆసామి ఒకడు ఉంటాడు. గెలిస్తే అందులో ఆటగానికి కొంత వాటా, ఓడితే నష్టం ఆసామిది. చుట్టూ చేరిన జనం తమలో తాము వేరుగా పందేలు కాసుకొంటారు. సంక్రాంతి వేళ మన జిల్లాలలో జరిగే కోడిపందేలను ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. బరిలో ఒళ్ళు చీల్చుకొనేది కోడి, లెక్కలు చూసుకొనేది కాసినవాడు.

ఇందులో నష్టపోయేది ఓడినవాని జేబు ఒక్కటే కాదు. ఆట మీద నమ్మకమే చెడిపోతుంది. ఆటగాడు కావాలనే ఓడి, ఎదుటి పక్షంతో లాభం పంచుకొనే మోసానికి ఇది దారి తెరుస్తుంది. తన అసలు ప్రతిభను దాచిపెట్టి, అమాయకుని ముందు చేతకానివానిలా నటించి, పందెం పెరిగాక విశ్వరూపం చూపడం ఈ లోకంలో ఒక పద్ధతిగానే స్థిరపడింది. అంటే విద్య ఎంత ఎక్కువ ఉంటే దానిని అంతగా దాచుకోవలసిన దుస్థితి!

ఎఫ్రెన్ కూడా ఇటువంటి మాటు నుండే అమెరికాలో అడుగుపెట్టారు. 1985లో హ్యూస్టన్ నగరంలో జరిగిన నైన్‌బాల్ టోర్నమెంటులో ఆయన సొంత పేరుతో ఆడలేదు. తన ఖ్యాతి అప్పటికే సముద్రాలు దాటిందన్న తలంపుతో సీజర్ మొరాలెస్ అనే మారుపేరు వాడారు. టోర్నమెంటు గెలిచారు. ఆ తరువాత ఆ పేరు వెనుక మనిషి ఎవరో అందరికీ తెలిసిపోయింది. సొంత పేరు చెప్పుకోవడానికి సందేహించవలసిన చోటికి ఒక మహా ప్రతిభావంతుడు చేరుకోవడం మనలను ఆలోచింపజేయాలి.

వెలుగులోకి

తరువాతి కాలంలో ఎఫ్రెన్ చూపిన ప్రతిభకు పందెపు గదుల చీకటి అవసరం లేకపోయింది. 1994లో ఆయన యు.ఎస్. ఓపెన్ నైన్‌బాల్ చాంపియన్ అయ్యారు. అమెరికన్ కాని వ్యక్తి ఆ టైటిల్ గెలవడం అదే ప్రథమం. 1995లో రీనోలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో తలపడినప్పుడు, ఇతర బంతుల చాటున దాగిన బంతిని చేరుకోవడానికి తెల్ల బంతిని అంచుకు కొట్టి, మలుపులు తిప్పి తెచ్చి ఆయన పడవేసిన దెబ్బను పూల్ ప్రియులు నేటికీ తలచుకొంటారు. మాంత్రికుడు అన్న బిరుదు ఆయనకు ఇటువంటి దెబ్బల వల్లనే స్థిరపడింది.

1996లో హాంగ్‌కాంగ్‌లో అదే స్ట్రిక్‌లాండ్‌తో మూడు రోజుల పాటు సుదీర్ఘమైన పోరు జరిగింది. ముందుగా 120 ఆటలు గెలిచినవాడు విజేత. చాలాసేపు వెనుకబడి ఉన్న ఎఫ్రెన్ చివరకు 120-117తో నెగ్గి లక్ష డాలర్ల బహుమతి అందుకొన్నారు. 1999లో కార్డిఫ్‌లో తైవాన్ ఆటగాడు చాంగ్ హావో పింగ్‌ను 17-8తో ఓడించి నైన్‌బాల్ ప్రపంచ చాంపియన్ అయ్యారు. 2003లో అమెరికాలోని బిలియర్డ్స్ కాంగ్రెస్ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు స్థానం కల్పించింది. ఆ గౌరవం పొందిన తొలి ఆసియావాసి ఆయనే.

2004లో అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో ఎయిట్‌బాల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను కూడా కైవసం చేసుకొన్నారు. ఉపాధి కొరకు గల్ఫ్ వెళ్ళిన మన తెలుగు సోదరులకు సుపరిచితమైన ప్రాంతమే అది. రెండు వేర్వేరు పూల్ విభాగాలలో ప్రపంచ చాంపియన్ అయిన మొదటి ఆటగాడు ఎఫ్రెన్. 2006లోను, 2009లోను తన సహచరుడు ఫ్రాన్సిస్కో బుస్టమంటేతో కలిసి జంటల ప్రపంచ కప్‌ను దేశానికి తెచ్చిపెట్టారు. ఆయన ఖాతాలోని అంతర్జాతీయ టైటిళ్ళు 70కి పైమాటే. 2019లో, 65 ఏళ్ళ వయసులో, పాకెట్లు లేని బల్లపై ఆడే క్యారం బిలియర్డ్స్‌లో ఆగ్నేయాసియా క్రీడల కాంస్య పతకం పొందారు.

ఇంత కీర్తి వచ్చినా ఆయన వేషంలో గానీ మాటలో గానీ ఆర్భాటం కనిపించదు. ఫిలిప్పీన్స్‌లో ఎందరో పేద పిల్లలు ఆయనను చూసి క్యూ పట్టారు. ఆ దేశం నేడు ప్రపంచ పూల్‌లో అగ్రశ్రేణిలో నిలవడానికి ఆయన మార్గదర్శి అయ్యారు.

కాగితం మీది కాసులు

అయినా ఈ వృత్తిలోని ఆర్థిక అనిశ్చితి ఆయనను వదిలిపెట్టలేదు. 2006 సెప్టెంబరులో రీనోలో ఇంటర్నేషనల్ పూల్ టూర్ అనే సంస్థ ఎయిట్‌బాల్ టోర్నమెంటు నిర్వహించింది. ఫైనల్‌లో రోడ్నీ మోరిస్‌పై గెలిచిన ఎఫ్రెన్‌కు ప్రకటించిన బహుమతి 5 లక్షల డాలర్లు. పూల్ చరిత్రలో అంతవరకు ఎన్నడూ వినని మొత్తం అది. పత్రికలలో పతాక శీర్షికలు వచ్చాయి. అయితే టోర్నమెంటు ముగిశాక ఆటగాళ్ళకు ఇవ్వవలసిన సొమ్మును సకాలంలో చెల్లించలేనని నిర్వాహక సంస్థ చేతులెత్తివేసింది. ఆ టూర్ మరి ఎంతోకాలం నిలువలేదు.

ప్రపంచ చాంపియన్‌కే ఇటువంటి అనుభవం ఎదురైతే సామాన్య ఆటగాని సంగతి చెప్పనక్కరలేదు. శిఖరం మీద నిలిచిన ఒక్కని వెనుక, పందేలలో యౌవనాన్ని కరిగించుకొని పేరు లేకుండా పోయినవారు ఎందరో ఉంటారు. వారి కథలు ఎవరూ వ్రాయరు. ఎఫ్రెన్ విజయగాథ చదివి ఉప్పొంగే యువకుడు ఈ వైపు కూడా చూడాలి.

మరొక దారి ఉన్నది

పందెం లేనిదే ఈ ఆటలలో ఎదుగుదల లేదని ఎవరైనా అంటే, మన చుట్టుపక్కల ఉదాహరణలు ఆ మాటను కాదంటాయి. 1958లో కలకత్తాలో ప్రపంచ బిలియర్డ్స్ టైటిల్ గెలిచిన విల్సన్ జోన్స్ మన దేశానికి తొలి ప్రపంచ చాంపియన్. 1973లో బొంబాయిలో అదే టైటిల్ గెలిచినవాడు శ్రీలంకకు చెందిన ముహమ్మద్ లఫీర్. 1994లో జోహన్నెస్‌బర్గ్‌లో పాకిస్తాన్‌కు చెందిన ముహమ్మద్ యూసుఫ్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ చాంపియన్ కాగా, ఆయన దేశానికే చెందిన ముహమ్మద్ ఆసిఫ్ 2012, 2019, 2024లలో మూడు మార్లు ఆ ఘనత సాధించారు. ముంబయికి చెందిన యాసిన్ మర్చంట్ 1989లోను, 2001లోను ఆసియా స్నూకర్ చాంపియన్ అయ్యారు. పలుమార్లు ప్రపంచ చాంపియన్ అయిన పంకజ్ అద్వానీకి ఓఎన్‌జీసీ వంటి ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగం ఇచ్చింది. నెలనెలా జీతం వచ్చేవానికి ఎదుటివాని జేబు వైపు చూడవలసిన అవసరం ఉండదు.

మన ఇంటింటి ఆటయైన క్యారమ్స్ నుండి మరొక ఉదాహరణ. చెన్నైకి చెందిన ఒక ఆటో డ్రైవరు కుమార్తె ఖాజిమా 2024లో అమెరికాలో జరిగిన క్యారం ప్రపంచ కప్‌లో మూడు స్వర్ణ పతకాలు గెలిచింది. తమిళనాడు ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయల పారితోషికం ఇచ్చింది. గమనించండి: ఆ కోటి రూపాయలు ఓడిపోయిన ఏ ఆడపిల్ల ఇంటి నుండీ రాలేదు. ప్రతిభను గౌరవించే మూడవ వ్యక్తి చేతి నుండి వచ్చాయి. ఎఫ్రెన్ బాల్యంలో లేనిది ఇదే.

ధర్మం గీసిన గీత

ఇస్లాం ఆటపాటలకు శత్రువు కాదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెంలో పాల్గొన్నారు. ఆయన గుర్రపు స్వారీని, విలువిద్యను ప్రోత్సహించారు. అయితే జూదం విషయంలో దివ్యఖుర్ఆన్ ఎటువంటి సందేహానికీ తావు ఇవ్వలేదు. అల్ మాయిదా సూరా 90వ ఆయతు జూదాన్ని మద్యంతో జతచేసి షైతాను పనిగా పేర్కొని దూరంగా ఉండమన్నది. దాని వెంటనే ఉన్న 91వ ఆయతు కారణం తెలిపింది: అది మనుషుల మధ్య పగను, ద్వేషాన్ని రేపుతుంది, అల్లాహ్ స్మరణ నుండి, నమాజు నుండి మరలిస్తుంది. జూదంలో కొంత లాభం కూడా ఉన్నదని, అయితే దాని పాపం ఆ లాభం కంటే పెద్దదని అల్ బఖరా సూరా 219వ ఆయతు ద్వారా మనకు తెలుస్తున్నది.

బహుమతి విషయంలో ధర్మశాస్త్ర పండితులు సొమ్ము ఎవరి చేతి నుండి వస్తున్నదని మొట్టమొదట విచారిస్తారు. ఆడే ఇద్దరూ తలా కొంత పెట్టి, గెలిచినవాడు మొత్తం పట్టుకుపోతే అది జూదం. ఆటతో సంబంధం లేని ప్రభుత్వమో, దాతయో ప్రోత్సాహకంగా ఇస్తే అది వేరు. ఎటువంటి పోటీలకు బహుమతి తీసుకోవచ్చునన్న దానిపై పండితుల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. ప్రవేశ రుసుములను కుప్పవేసి బహుమతిగా పంచే టోర్నమెంట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కనుక ఇటువంటి పోటీలలో పాల్గొనదలచినవారు తమకు అందుబాటులో ఉన్న విద్వాంసులను అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో అడగవలసిన మాటలు

మా అబ్బాయి పందెం కాయడు, సరదాకే ఆడతాడు అని చాలామంది తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. అటువంటి వారు తమ పిల్లవానిని ఒక్క ప్రశ్న అడగాలి: ఆట అయిపోయాక టేబుల్ అద్దె ఎవరు కట్టారు? ఓడినవాడే అద్దె చెల్లించాలన్న ఆనవాయితీ పార్లర్లలో సర్వసాధారణం. చూడడానికి అది చిన్న మొత్తమే. కానీ గెలుపోటములను బట్టి ఒకని జేబు నుండి ఖర్చు పోయి మరొకనికి మిగిలినప్పుడు, పందెపు గుణం అందులోకి వచ్చి చేరినట్లే. దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ఆడిన వారందరూ అద్దెను సమానంగా పంచుకోవాలి. లేదా ఆట మొదలుకాక ముందే, గెలిచినా ఓడినా నేనే ఇస్తానని ఒకరు చెప్పాలి. స్నేహమూ నిలుస్తుంది, ధర్మమూ నిలుస్తుంది.

రెండవ ప్రశ్న ఫోన్ గురించి. పిల్లలు విరివిగా ఆడే 8 బాల్ పూల్ వంటి ఆటలలో బల్ల ఎక్కడానికే కొన్ని నాణేలు పెట్టాలి. ఇద్దరూ పెట్టిన నాణేలు గెలిచినవానికి పోతాయి. అవి నిజమైన రూపాయలు కావు, నిజమే. కానీ నాణేలు అయిపోయినప్పుడు అసలు డబ్బుతో వాటిని కొనుక్కొనే ఏర్పాటు అందులోనే ఉన్నది. అంతకంటే ముఖ్యంగా, పోగొట్టుకొన్నదానిని తిరిగి రాబట్టుకోవడానికి ఇంకొక్క ఆట ఆడాలన్న తహతహ పసి మనసుకు అక్కడే అలవాటవుతుంది. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2025లో పార్లమెంటు చట్టాల ద్వారా నిషేధించాయి. చట్టం డబ్బును ఆపగలదు. అలవాటును ఆపవలసినది మాత్రం ఇల్లే.

మూడవ ప్రశ్న వేళకు సంబంధించినది. ఆటకు కూర్చున్నవాడు మగ్రిబ్ అజాన్ విని లేవగలుగుతున్నాడా? లేవగలిగితే ఆట అతని చేతిలో ఉన్నట్లు. లేవలేకపోతే అతడే ఆట చేతిలో ఉన్నట్లు. ఈ కొలత పూల్‌కే కాదు, క్రికెట్‌కూ, క్యారమ్స్‌కూ, ఫోన్‌కూ వర్తిస్తుంది.

ఈ మూడు ప్రశ్నలూ కోపంతో కాక ఆప్యాయతతో అడగాలని మా విన్నపం. ఆటనే పూర్తిగా నిషేధించి తలుపు మూసిన ఇంటిలో పిల్లవాడు ఆడడం మానడు, చెప్పడం మానుతాడు. అతనికి నిజంగా ప్రతిభ ఉంటే, గుట్టుగా పార్లర్ మూల వెదుక్కొనే బదులు రాష్ట్ర సంఘాలు, జాతీయ సమాఖ్య నిర్వహించే పోటీల బాట చూపించాలి. దానితోపాటు చదువునో, చేతిపనినో విడువకుండా పట్టుకోమని చెప్పాలి. ఎందుకంటే ఆట మీద మాత్రమే ఆధారపడిన ఇల్లు ఎంత ఒడిదుడుకులకు లోనవుతుందో పైన చూశాము.

ఎఫ్రెన్ రేయెస్ చేతికి అల్లాహ్ అపారమైన నైపుణ్యాన్ని ప్రసాదించాడు. ఆయన కాలం, ఆయన పేదరికం ఆ చేతిని పందెపు బల్ల వద్దకు నడిపించాయి. మన పిల్లల చేతులలో ఏ నైపుణ్యం దాగి ఉన్నదో మనకు తెలియదు. ఆ చేతులకు తగిన చోటు వెదికి చూపడం మన బాధ్యత. హలాల్ సంపాదనలోని కొద్దిపాటిలోనే శుభం ఉన్నదన్న నమ్మకాన్ని అల్లాహ్ మన సంతానం హృదయాలలో నిలుపుగాక! ఆమీన్.